దివిసీమ ఉప్పెన నేర్పిన పాఠాలు

ప్రకృతి మనకు గాలిని, నీటిని, తిండిని ఇస్తుంది. ఆ ప్రకృతే ఒక్కోసారి కన్నెర్ర చేస్తుంది. తుఫానునైనా, భూకంపాన్నైనా ఆపే శక్తి మనిషికి లేదు. కానీ అది వచ్చినప్పుడు ఎంతమంది చనిపోతారు, ఎవరు చనిపోతారు అన్నది ప్రకృతి ఒక్కటే నిర్ణయించదు. మన ఇల్లు ఎక్కడ ఉంది, దేనితో కట్టారు, హెచ్చరిక ఎవరి చెవిన పడింది, పరుగెత్తి తలదాచుకోవడానికి దగ్గరలో చోటు ఉందా లేదా అన్న విషయాలు కూడా నిర్ణయిస్తాయి. ఇవన్నీ మనుషుల చేతిలో ఉన్నవే. ఈ మాట ఎంత నిజమో తెలుసుకోవాలంటే 1977లో దివిసీమను ముంచిన ఉప్పెనను గుర్తుచేసుకోవాలి.

మన వార్షికోత్సవ సంచికలో ఈ విషయమే ఎందుకు అని కొందరు మిత్రులు అడగవచ్చు. ఆనాడు ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, జాలర్లు, గొడ్లు కాసుకునేవాళ్ళు, వారి ఇళ్ళలోని ఆడవాళ్ళు, చిన్నపిల్లలు. మన హాస్టల్లో చదువుకుంటున్నది, చదువుకొని వెళ్ళినది అటువంటి ఇళ్ళ పిల్లలమే. అందువల్ల ఇది మనకు చరిత్ర పుస్తకంలోని పాఠం మాత్రమే కాదు, మన ఇళ్ళ సంగతి కూడా.

ఆ రోజు ఏం జరిగింది?

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ పాయల మధ్య, సముద్రపు అంచున ఉన్న భూమే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, హంసలదీవి ఇవన్నీ అక్కడివే. నేల చాలా పల్లం. సముద్రానికి, ఊళ్ళకు మధ్య కొండగాని, మెరకగాని లేదు. మంచి వరి పండే నేల కాబట్టి జనం అక్కడ ఒత్తుగా ఉంటారు.

1977 నవంబరు 19, శనివారం. అప్పటికి వారం రోజుల క్రితమే మరొక తుఫాను తమిళనాడులోని నాగపట్నం ప్రాంతాన్ని దెబ్బతీసి వెళ్ళింది. దాని వెనుకనే బంగాళాఖాతంలో పుట్టిన ఈ రెండవ తుఫాను ఆ సాయంత్రం నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో గాలి వీచింది. ఆ గాలితోపాటు సముద్రం సుమారు 5 మీటర్లు, అంటే 16 అడుగుల ఎత్తున లేచి ఊళ్ళమీద పడింది. పూరిగుడిసె నిట్టాడు కంటే ఎత్తయిన నీరు అది. కొన్నిచోట్ల పది, పదిహేను కిలోమీటర్ల లోపలికి చొచ్చుకుపోయింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరపు ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది చనిపోయారు. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువని అక్కడివారు ఇప్పటికీ చెబుతారు. రెండు లక్షలకు పైగా పశువులు కొట్టుకుపోయాయి. రోడ్లు తెగిపోయాయి, టెలిఫోను తీగలు తెగిపోయాయి. జరిగిన ఘోరం ఎంతటిదో బయటి ప్రపంచానికి తెలియడానికే ఒకటి రెండు రోజులు పట్టింది. గట్టి మేడల మీదికి, గుళ్ళ మీదికి ఎక్కగలిగినవాళ్ళు, తాటిచెట్టో తుమ్మచెట్టో చేతికి చిక్కి దాన్ని వదలకుండా రాత్రంతా పట్టుకోగలిగినవాళ్ళు బ్రతికారు.

ఉప్పెన ఎలా వస్తుంది?

చాలామంది తుఫాను అంటే పెద్ద గాలివాన అనుకుంటారు. గాలికి ఇంటి కప్పులు లేచిపోతాయి, చెట్లు పడతాయి, నిజమే. కానీ తీరంలో ప్రాణాలు ఎక్కువగా తీసేది గాలి కాదు, నీరు. ఆ నీరు ఎలా వస్తుందో మన సైన్సు పాఠాల సహాయంతోనే అర్థం చేసుకోవచ్చు.

తుఫాను కేంద్రంలో గాలి పీడనం బాగా తగ్గిపోతుంది. పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే అక్కడ సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. అరవై డెబ్బై మిల్లీబార్లు తగ్గినా లేచేది రెండడుగులకు కాస్త ఎక్కువే. మరి పదహారు అడుగులు ఎక్కడివి? మిగిలిందంతా గాలి చేసే పని. వెడల్పయిన పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక పక్కనుంచి గట్టిగా ఊదితే నీళ్ళు రెండో అంచున పోగవుతాయి. తుఫాను గాలి కూడా గంటల తరబడి సముద్రపు నీటిని అలాగే తీరం వైపు నెడుతుంది. సముద్రం లోతుగా ఉన్నచోట ఆ నీరు అడుగునుంచి వెనక్కి మళ్ళిపోతుంది. కృష్ణా ముఖద్వారం వంటి చోట్ల తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. నీరు వెనక్కి పోవడానికి దారిలేక పైకి లేచి, పల్లపు నేలమీదికి పొర్లుతుంది. అదే ఉప్పెన.

ఇంకొక విషయం. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. అందువల్ల తుఫాను నడిచే దారికి కుడిపక్కన ఉన్న తీరంలో గాలి సముద్రం మీదినుంచి భూమి వైపు వీస్తుంది. ఉప్పెన అక్కడే ఎక్కువ. నిజాంపట్నం దగ్గర దాటిన తుఫానుకు దివిసీమ కుడిపక్కన ఉంది. తుఫాను తీరం దాటిన చోటికంటే పక్కనున్న చోటనే నీరు ఎక్కువ రావడానికి కారణం ఇదే. "తుఫాను మన ఊరి దగ్గర దాటడం లేదులే" అని ధీమాగా ఉండడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

నీటి బలాన్ని కూడా తక్కువగా అంచనా వేయకూడదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న నీరు వెయ్యి కిలోల బరువు. అది పరుగెడుతూ వచ్చి తగిలితే ఈతగాడైనా నిలబడలేడు. మట్టిగోడ అసలే నిలబడదు.

చావు అందరికీ ఒకేలా రాలేదు

సముద్రానికి కులం లేదు, ధనిక పేద తేడా లేదు అని ఉపన్యాసాల్లో వింటుంటాం. సముద్రానికి లేకపోవచ్చు. ఇళ్ళు కట్టిన చోటుకు, కట్టిన తీరుకు ఆ తేడా ఉంది. ఊరిలో మెరక మీద ఉన్నవి ఉన్నవాళ్ళ ఇళ్ళు. సముద్రపు ఒడ్డున, కాలువగట్ల మీద, చేల పక్కన పల్లంలో ఉన్నవి కూలీల గుడిసెలు, జాలరుల పాకలు. మెరక మీద ఉన్న మేడలోనివాళ్ళు పై అంతస్తుకు వెళ్ళారు. తాటాకు గుడిసెలో ఉన్నవాళ్ళకు పై అంతస్తు లేదు.

రేడియో అప్పట్లో అన్ని ఇళ్ళలోనూ లేదు. తుఫాను వస్తోందన్న కబురు తెలిసినవాళ్ళు కూడా అది మామూలు గాలివానే అనుకున్నారు. నీరు ఏ ఊరిదాకా, ఎంత ఎత్తున వస్తుందో ముందే లెక్కగట్టి ఊరికి చెప్పే ఏర్పాటు ఆనాడు లేదు. పైగా అది వరికోతల కాలం. పని కోసం బయటి ఊళ్ళనుంచి వచ్చిన కూలీలకు ఆ ప్రాంతం కొత్త, మెరక ఎటు, పల్లం ఎటు అన్నది తెలియదు. వాళ్ళ పేర్లు ఆ ఊరి రికార్డుల్లో ఉండవు. అటువంటివాళ్ళు కొట్టుకుపోతే "మా మనిషి కనబడలేదు" అని చెప్పేవాళ్ళు కూడా అక్కడ ఉండరు. చనిపోయినవారి లెక్క ఎప్పటికీ తేలకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

దివిసీమ మొదటిది కాదు. 1864 నవంబరులో బందరును ఇలాగే ఉప్పెన ముంచింది. సుమారు ముప్పైవేల మంది చనిపోయారు. అదే కృష్ణాతీరం, అదే సముద్రం. 113 సంవత్సరాల తర్వాత జనం మళ్ళీ అదే విధంగా ప్రాణాలు పోగొట్టుకున్నారంటే, నేర్చుకోవలసినది నేర్చుకోలేదనే అర్థం.

మొదటి పాఠం: హెచ్చరిక చివరి గుడిసెదాకా చేరాలి

ఇప్పుడు ఉపగ్రహాలు ఉన్నాయి. మచిలీపట్నంలో రాడారు ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థలో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. తుఫాను గురించి వాతావరణ శాఖ దశలవారీగా చెబుతుంది. మూడు రోజుల ముందు ముందస్తు సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటాక ఏమవుతుందన్న సూచన వెలువడతాయి.

కానీ ఢిల్లీలోనో హైదరాబాదులోనో తెలిసినంత మాత్రాన చాలదు. 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను దెబ్బతీసినప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో, గల్లంతైనవారిలో వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో ఉన్నారు. నడిసముద్రంలో ఉన్న చిన్న పడవకు హెచ్చరిక చేరే మార్గం లేకపోతే ఆ హెచ్చరిక ఉన్నా లేనట్టే.

మాట చేరడమే కాదు, అర్థం కావాలి కూడా. "ఓడరేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు" అని వార్తల్లో వింటాం. ఒకటి నుంచి పదకొండు వరకు ఉండే ఈ నంబర్లు ఓడలవారి కోసం ఏర్పాటు చేసినవి. ఒకటి, రెండు అంటే దూరంగా సముద్రంలో ఎక్కడో తుఫాను ఉందని. ఎనిమిది నుంచి పది వరకు అంటే మహా ప్రమాదమని. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఈ సంగతి తెలియనివారికి నంబరు వినబడుతుంది గాని, ఇల్లు వదలాలా వద్దా అన్నది తెలియదు. వినేవారి భాషలో "మీ ఊరికి ఇంత ఎత్తు నీరు రావచ్చు, ఇన్ని గంటలకల్లా ఫలానా బడికి వెళ్ళండి" అని చెబితేనే అది హెచ్చరిక.

ఈ విషయంలో బంగ్లాదేశ్ మనకు మంచి ఉదాహరణ. అది ఇంకా తూర్పు పాకిస్తాన్‌గా ఉన్నప్పుడు 1970 నవంబరులో వచ్చిన తుఫానులో మూడు లక్షలకు పైగా చనిపోయారు. ఆ తర్వాత 1972లో అక్కడ ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలతో ఒక పథకం మొదలైంది. తుఫాను వస్తోందంటే వాళ్ళు జెండాలు ఎగురవేసి, మైకులు పట్టుకొని, సైకిళ్ళ మీద తిరిగి ఇల్లిల్లూ తట్టి చెబుతారు. పని ఒక్కరోజులో ఫలించలేదు. 1991 తుఫానులో మళ్ళీ లక్షమందికి పైగా చనిపోయారు. వారిలో ఆడవాళ్ళు చాలా ఎక్కువ. మరిన్ని షెల్టర్లు కట్టారు, మహిళలను కార్యకర్తలుగా చేర్చుకున్నారు. 2007లో సిడర్ అనే భయంకరమైన తుఫాను వచ్చినప్పుడు మృతుల సంఖ్య మూడున్నర వేలకు లోపు ఉంది. అది కూడా చిన్న సంఖ్య కాదు. కానీ లక్షల నుంచి వేలకు తగ్గించింది యంత్రాలొక్కటే కాదు, తలుపు తట్టిన మనుషులు కూడా.

రెండవ పాఠం: నడిచి వెళ్ళే దూరంలో గట్టి కప్పు ఉండాలి

దివిసీమ తర్వాత మన తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టడం మొదలైంది. ఎత్తయిన స్తంభాల మీద కాంక్రీటు భవనం, కింద నీరు పోవడానికి ఖాళీ, పైకి వెడల్పయిన మెట్లు. 1990 మే 9న కృష్ణా తీరాన్నే మరొక పెనుతుఫాను తాకింది. బలంలో 1977 నాటిదానికి అది ఏమాత్రం తీసిపోదు. కానీ ఈసారి లక్షమందికి పైగా ప్రజలను ముందే తరలించారు. చనిపోయినవారు వెయ్యికి లోపే. పదమూడేళ్ళ తేడాతో అదే తీరానికి అంతటి తుఫానే వచ్చినా ప్రాణనష్టం పదోవంతుకు తగ్గింది.

ఒడిశాలోనూ ఇదే కనబడుతుంది. 1999 అక్టోబరు 29న వచ్చిన సూపర్ సైక్లోన్‌లో అక్కడ సుమారు పదివేల మంది చనిపోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చేసరికి దాదాపు పదిలక్షల మందిని తరలించారు. మృతులు యాభైకి లోపే. తుఫానులు తగ్గలేదు, తయారీ పెరిగింది.

అయితే కట్టి తాళం వేసిన షెల్టరు అవసరానికి పనికిరాదు. తలుపులు ఊడి, మెట్లు విరిగి, చుట్టూ కంపచెట్లు మొలిచిన భవనంలోకి చీకటిలో పిల్లలతో ఎవరు వెళతారు? అదే భవనంలో బడి నడిస్తే, గ్రామసభ జరిగితే అది నిలుస్తుంది, దారి అందరికీ తెలుస్తుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. "మేము వెళితే గేదె ఏమవుతుంది, వల ఏమవుతుంది, ఇంట్లో సామాను ఎవరు చూస్తారు" అని పేదవాడు ఇల్లు వదలడానికి వెనుకాడతాడు. అది మూర్ఖత్వం కాదు. ఆ గేదే అతని బ్యాంకు. పశువులను తోలుకుపోవడానికి మెరక, సామానుకు భరోసా చూపిస్తేనే మనుషులు కదులుతారు.

మూడవ పాఠం: గాలి ఆగితే తుఫాను పోయినట్టు కాదు

తుఫాను మధ్యలో కన్ను అనే భాగం ఉంటుంది. అది మన మీదుగా వెళ్ళేటప్పుడు గాలి ఒక్కసారిగా తగ్గి, ఆకాశం కొంత తెరిపిస్తుంది. అంతా అయిపోయిందని జనం బయటికి వస్తారు. కొద్దిసేపటికే గాలి ఎదురు దిక్కునుంచి మళ్ళీ అంతే బలంగా మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను విశాఖపట్నం మీదుగా వెళ్ళినప్పుడు అక్కడివారు దీన్ని కళ్ళారా చూశారు. అధికారులు చెప్పేవరకు బయటికి రాకూడదన్నది ఇందుకే. వచ్చాక కూడా తెగిపడిన కరెంటు తీగలు, నీటితో కొట్టుకొచ్చిన పాములు, ఉప్పునీరు కలిసిన చెరువులు ఉంటాయి. ఆ నీరు తాగకూడదు. మంచినీరు దొరికినా కాచి తాగాలి.

నాలుగవ పాఠం: తీరంలోని చెట్టు మనకు కాపలాదారు

కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో మడ అడవులు ఉన్నాయి. బురదలో అల్లుకున్న వాటి వేళ్ళు అలల జోరును తగ్గిస్తాయి. 1999 తుఫాను తర్వాత ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో పరిశోధకులు ఊరూరి లెక్కలు చూశారు. సముద్రానికి, ఊరికి మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట చావులు తక్కువగా ఉన్నాయని తేలింది. వంటచెరుకు కోసమో, రొయ్యల చెరువుల కోసమో ఆ అడవిని నరికితే ఊరి గోడను మనమే కూల్చుకున్నట్టు. అయితే అడవి ఒక్కటే అందరినీ కాపాడుతుందని కూడా అనుకోకూడదు. అది నీటి వేగాన్ని తగ్గిస్తుంది, తరలిపోవలసిన అవసరాన్ని తగ్గించదు.

ఐదవ పాఠం: సహాయం లెక్కలో అందరూ ఉండాలి

దివిసీమ కోసం రాష్ట్రమంతా కదిలింది. అవనిగడ్డకు ప్రాతినిధ్యం వహించిన మంత్రి మండలి వెంకట కృష్ణారావు గారు అక్కడే ఉండి సహాయ కార్యక్రమాలు నడిపించారు. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు జోలెపట్టి విరాళాలు సేకరించారు. సైనికులు, స్వచ్ఛంద సంస్థలు, విద్యార్థులు శవాలను తొలగించి దహనం చేసే పనికి కూడా వెనుకాడలేదు. ఆ మంచితనాన్ని ఎప్పటికీ మరచిపోలేం.

కానీ దయ ఒక్కటే చాలదు, లెక్క కూడా సరిగా ఉండాలి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలోని నాగపట్నం ప్రాంతంలో దళిత కుటుంబాలను సహాయ శిబిరాల్లో వేరుగా చూశారని, వారికి సహాయం ఆలస్యంగా, తక్కువగా అందిందని అనేక పరిశీలనల్లో బయటపడింది. పడవ పోయినవాడికి పడవ ఖరీదు కట్టి ఇస్తారు. ఆ పడవ మీద, ఆ చేపల మీద, ఆ ఉప్పుమడిలో కూలి చేసి బ్రతికేవాడికి పోయింది కూలి. దానికి రసీదు ఉండదు. పొలం మునిగిన రైతుకు నష్టపరిహారం రాస్తారు, ఆ పొలంలో కోతకు వెళ్ళవలసిన కూలీకి ఆ ఏడాది పనే లేకుండా పోతుంది. నష్టం రాసే పుస్తకంలో ఆ గడి కూడా ఉండాలని అడగడం బిచ్చం కాదు, హక్కు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కూడా సహాయంలో కులం, మతం, లింగం పేరుతో తేడా చూపరాదని చెబుతోంది.

ఆరవ పాఠం: జ్ఞాపకమే పెద్ద రక్షణ

ఇండోనేషియాలోని సిములూ అనే దీవిలో 1907లో సునామీ వచ్చి చాలామంది చనిపోయారు. బ్రతికినవాళ్ళు ఆ సంగతిని కథలుగా, పాటలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు. భూమి గట్టిగా కంపించి, సముద్రం వెనక్కి పోతే వెంటనే కొండ ఎక్కాలన్నది ఆ కథల సారం. 2004లో భూకంప కేంద్రానికి అతి దగ్గరలో ఉన్న దీవుల్లో అది ఒకటి. డెబ్బైవేలకు పైగా ఉన్న జనంలో చనిపోయినవారు పదిమంది లోపే. వాళ్ళకు యంత్రాలు లేవు. తాతలు చెప్పిన కథ ఒకటి ఉంది, అంతే.

మనకు స్తూపాలు ఉన్నాయి, ఏటా నవంబరులో నివాళులు ఉన్నాయి. అవి అవసరమే. వాటితోపాటు నీరు ఎంత ఎత్తు వచ్చిందో బడి గోడమీద గీత గీసి ఉంచితే, ఎటు పరుగెత్తాలో బాణం గుర్తు వేసి ఉంచితే, చదువురాని అమ్మకు కూడా అర్థమవుతుంది.

విద్యార్థులుగా మనం ఏం చేయగలం?

మిత్రులారా, మనలో చాలామందిమి మన ఇంట్లో చదువుకుంటున్న మొదటి తరం. వార్త చదివి ఇంట్లోవాళ్ళకు చెప్పగలిగేది మనమే. అందుకే ఈ పనులు మన బాధ్యత అనుకుందాం.

1. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మన పేటనుంచి షెల్టరుకు గాని, బడికి గాని, ఎత్తయిన చోటికి గాని ఎంత సేపు పడుతుందో నడిచి చూద్దాం. ముసలివాళ్ళను, నడవలేనివాళ్ళను, గర్భిణీలను ఎవరు తీసుకెళ్ళాలో ముందే అనుకుందాం.

2. రేషన్ కార్డు, ఇంటి పట్టా, బ్యాంకు పాసు పుస్తకం, కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితాలు ఒకే ప్లాస్టిక్ కవరులో గట్టిగా కట్టి, చేతికందే చోట ఉంచుదాం. కాగితం పోయినవాడికి సహాయం అందడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పనక్కరలేదు.

3. పుకార్లను ముందుకు పంపవద్దు. వాతావరణ శాఖ, కలెక్టరు కార్యాలయం చెప్పినదే చెబుదాం. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, విపత్తుల కంట్రోల్ రూముకు రాష్ట్ర స్థాయిలో 1070, జిల్లా స్థాయిలో 1077 నంబర్లు ఇంటి తలుపు మీద రాసి ఉంచుదాం.

4. ఈత, ప్రథమ చికిత్స నేర్చుకుందాం. అబ్బాయిలే కాదు, అక్కచెల్లెళ్ళు కూడా నేర్చుకోవాలి. నీటికి వాళ్ళే ముందు బలవుతున్నారు.

5. పనికోసం మన ఊరు వచ్చిన వలస కూలీల గుడిసెలకు కూడా వెళ్ళి చెబుదాం. మన అమ్మానాన్నలు కూడా ఎక్కడో ఒకచోట అలా వెళ్ళినవాళ్ళే.

ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీలో ఉపాధ్యాయులు, పంచాయతీ కార్యదర్శులు, రెవెన్యూ ఉద్యోగులు, ఇంజనీర్లు ఉన్నారు. షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంది, మెట్లు సరిగా ఉన్నాయా, నష్టపరిహారం జాబితాలో చివరి పేట పేర్లు ఎక్కాయా అని చూడగల స్థానంలో మీరున్నారు. ఆ ఒక్క సంతకం, ఆ ఒక్క పరిశీలన ఎన్ని ప్రాణాలో ఎవరూ చెప్పలేరు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 1977లో దెబ్బతిన్నది కూడా ఆ చుట్టుపక్కల తీరమే. సముద్రం తన దారి మరచిపోలేదు. మనమూ దివిసీమను మరచిపోకూడదు. ఆనాడు చనిపోయిన పదివేల మందికి మనం ఇవ్వగలిగిన నిజమైన నివాళి ఒక్కటే. ఈసారి హెచ్చరిక వచ్చినప్పుడు మన పేటలో ఎవరి తలుపూ తట్టకుండా వదలకపోవడం.